టేప్ బ్యాకప్: ఫుల్, ఇంక్రిమెంటల్ షెడ్యూలు వేసి నడిపించడం ఎలా

టేప్ బ్యాకప్‌కు షెడ్యూలు వేసేటప్పుడు ఏ రాత్రి ఏ బ్యాకప్ నడపాలన్నది చివర అడగవలసిన ప్రశ్న. సర్వర్ పోయిన రోజున ఏయే టేపులు, ఏ వరుసలో, ఎన్ని గంటలపాటు చదివించవలసి వస్తుందో ముందుగా తేల్చుకుంటే షెడ్యూలు చాలావరకు దానంతట అదే కుదురుతుంది. ఈ వ్యాసమంతటా ఒక మధ్యతరహా కార్యాలయాన్ని ఉదాహరణగా పెట్టుకుందాం: 8 టెరాబైట్ల ఫైల్ సర్వర్, రోజుకు సుమారు 200 గిగాబైట్ల మార్పు, ఒకే ఒక ఎల్‌టీఓ-8 డ్రైవ్ (ఎల్‌టీఓ అనే ప్రామాణిక టేపు రకంలో ఎనిమిదో తరం), శనివారం కూడా పనిచేసే సిబ్బంది. మీ అంకెలు వేరైతే ఇక్కడి లెక్కల్లో వాటిని వేసి చూసుకోండి.

డిస్కులు, క్లౌడ్ ఉండగా టేపు ఎందుకన్న సందేహం సహజమే. 2011 ఫిబ్రవరిలో జీమెయిల్ వాడుకదారుల్లో 0.02 శాతం మంది మెయిల్‌బాక్సులు ఖాళీగా కనిపించాయి. స్టోరేజీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోని ఒక లోపం వేర్వేరు డేటా సెంటర్లలో ఉన్న కాపీలను కూడా దెబ్బతీసింది. గూగుల్ ఆ మెయిళ్లను చివరకు టేపుల నుంచే తిరిగి తెచ్చింది. ఆన్‌లైన్‌లో ఉన్న ప్రతి కాపీకీ సాఫ్ట్‌వేర్ లోపమైనా, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ అయినా చేరగలదు. డ్రైవ్‌లోంచి తీసి అలమరలో పెట్టిన టేపుకు చేరలేదు. షెడ్యూలులో ప్రతి నిర్ణయాన్నీ ఈ ఒక్క గుణాన్ని కాపాడే విధంగానే తీసుకోవాలి.

బ్యాకప్ రకాలు, వాటి మధ్య గొలుసు

ఫుల్ బ్యాకప్ అంటే ఎంచుకున్న డేటా మొత్తాన్ని టేపు మీదికి రాయడం. ఇంక్రిమెంటల్ అంటే అంతకుముందు జరిగిన బ్యాకప్ తరువాత, అది ఏ రకమైనా సరే, మారినవాటిని మాత్రమే రాయడం. డిఫరెన్షియల్ ఎప్పుడూ చివరి ఫుల్ నుంచి లెక్క మొదలుపెడుతుంది కనుక వారం గడిచేకొద్దీ పెరుగుతూ పోతుంది. యూనిక్స్‌లోని డంప్ అనే పాత బ్యాకప్ సాధనం ఇదే ఆలోచనను 0 నుంచి 9 వరకు అంచెలుగా పెట్టింది: 0 అంటే ఫుల్, ఆపై ఏ అంచె అయినా తనకంటే తక్కువ అంచెలో చివరిగా జరిగిన బ్యాకప్ నుంచి మారినవాటిని తీసుకుంటుంది.

రీస్టోర్ చేసేటప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. శనివారం రాత్రి ఫుల్ తీసి, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంక్రిమెంటల్ తీసే ఆఫీసులో మరుసటి శనివారం ఉదయం డిస్కు పోతే ఫుల్ టేపునూ, ఆపై ఐదు ఇంక్రిమెంటల్ టేపులనూ అదే వరుసలో చదవాలి. బుధవారం టేపు పాడై ఉంటే గురు, శుక్రవారాల టేపుల్లోని ఫైళ్లు విడివిడిగా దొరుకుతాయి గాని, బుధవారం మాత్రమే మారిన ఫైళ్లు పాత రూపంలోనే మిగిలిపోయి, శుక్రవారం నాటి సర్వర్ స్థితి పూర్తిగా తయారుకాదు. డిఫరెన్షియల్ అయితే ఫుల్ టేపు, చివరి డిఫరెన్షియల్ టేపు, ఈ రెండూ చాలు. దానికి బదులుగా ప్రతి రాత్రీ ఎక్కువ రాయవలసి వస్తుంది.

నా అభిప్రాయం ఇది: వారానికొక ఫుల్ మీకున్న సమయంలో పట్టేటట్లయితే ఫుల్, ఇంక్రిమెంటల్ ఈ రెండింటితోనే నడపండి. డేటా పెరిగి ఫుల్ నెలకొకసారి మాత్రమే వీలయ్యే స్థితి వచ్చినప్పుడు, వారానికొక డిఫరెన్షియల్‌ను మధ్యలో చేర్చి గొలుసును పొట్టిగా ఉంచండి. నెల మొత్తం ఇంక్రిమెంటల్ మీదే లాగడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు.

ఏది మారిందో మీ సాఫ్ట్‌వేర్ ఎలా కనిపెడుతుందో కూడా ముందే తెలుసుకోండి. విండోస్‌లో కొన్ని సాధనాలు ఫైలు మారినప్పుడు దానికి పడే ఆర్కైవ్ గుర్తును చూసి, బ్యాకప్ కాగానే దాన్ని తుడిచేస్తాయి. వారం మధ్యలో ఎవరైనా అవసరం కొద్దీ మరో సాధనంతో ఫుల్ తీసి ఆ గుర్తులను తుడిచేస్తే, ఆ రాత్రి మీ ఇంక్రిమెంటల్‌లో రావలసినవి రావు. అందుచేత అదనపు కాపీ ఎప్పుడు తీసినా గుర్తును ముట్టుకోని కాపీ రకాన్నే ఎంచుకోవాలి. ఫైలు మార్పు తేదీని మాత్రమే చూసే సాధనాలతో ఇంకో చిక్కుంది: ఈ రోజే జిప్‌లోంచి విప్పిన పాత ఫైలుకు పాత తేదీయే ఉంటుంది కనుక అది కొత్తదని సాధనానికి తెలియదు. గ్నూ టార్ అనే సాధనం ఒక స్నాప్‌షాట్ ఫైలులో గత స్థితిని రాసుకొని పోల్చుతుంది. బక్యూలా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో అక్యురేట్ అనే ఎంపికను ఆన్ చేస్తే పేరు మారినవీ, మరో చోటికి జరిపినవీ, తొలగించినవీ సరిగా లెక్కలోకి వస్తాయి. ఇది లేకుండా రీస్టోర్ చేస్తే వారం క్రితం తొలగించిన ఫైళ్లు మళ్లీ ప్రత్యక్షమై, ఒక్కొక్కసారి డిస్కు నిండిపోయి రీస్టోరే ఆగిపోతుంది.

సమయం లెక్క కట్టడం

ఎల్‌టీఓ-8 కార్ట్రిడ్జ్‌లో కంప్రెషన్ లేకుండా 12 టెరాబైట్లు పడతాయి. డ్రైవ్ సెకనుకు 360 మెగాబైట్లు రాయగలదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించే 30 టెరాబైట్లు, డేటా 2.5 రెట్లు కుదించుకుపోతుందన్న అంచనా మీద వేసిన అంకె. వీడియోలు, ఫొటోలు, ముందే ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళం లేకుండా చదవలేని రూపంలోకి మార్చిన) ఫైళ్లు దాదాపు కుదించుకుపోవు కనుక ప్రణాళికకు 12నే తీసుకోండి.

డ్రైవ్ పూర్తి వేగంతో రాస్తే 8 టెరాబైట్లకు 6 గంటల 10 నిమిషాలు పడుతుంది. సర్వర్‌కూ బ్యాకప్ యంత్రానికీ మధ్య ఒక గిగాబిట్ నెట్‌వర్క్ మాత్రమే ఉంటే వాస్తవంగా వచ్చేది సెకనుకు సుమారు 110 మెగాబైట్లు. అప్పుడు ఫుల్‌కు 20 గంటలు దాటుతుంది, ఇంక్రిమెంటల్‌కు అరగంట పడుతుంది. శనివారం రాత్రి 9 గంటలకు మొదలైన ఫుల్ ఆదివారం సాయంత్రం 5 దాటాక ముగుస్తుంది కాబట్టి మన ఆఫీసుకు ఇది సరిపోతుంది. రీస్టోర్‌కూ ఇదే దారి కనుక ఫుల్, ఐదు ఇంక్రిమెంటల్‌లు కలిపి 23 గంటల వరకు పడుతుందని యాజమాన్యానికి ముందుగానే రాతపూర్వకంగా చెప్పండి. వారు అంతసేపు ఆగలేమంటే 10 గిగాబిట్ నెట్‌వర్క్ కోసం అడగడానికి అదే సరైన సందర్భం.

డేటా నెమ్మదిగా అందడం వల్ల జరిగే నష్టం కేవలం ఆలస్యం కాదు. డ్రైవ్ తన వేగాన్ని కొంతవరకు తగ్గించుకోగలదు. అంతకన్నా నెమ్మదిగా డేటా వస్తే టేపును ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు నడిపి రాయవలసి వస్తుంది. ఈ ముందువెనుకల తిప్పుడు వల్ల టేపును చదివి రాసే హెడ్ కూడా, టేపు కూడా అరుగుతాయి. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లున్న సర్వర్‌లో ఇది తప్పకుండా ఎదురవుతుంది. దీనికి మందు, బ్యాకప్‌ను ముందు ఒక వేగమైన డిస్కు మీదికి తీసి, అక్కడి నుంచి ఒకే ధారగా టేపుకు పంపడం. దీన్ని స్పూలింగ్ అంటారు. డబ్బు వెచ్చించగలిగితే మొదట వెచ్చించవలసింది దీని మీదే.

వారం, నెల, సంవత్సరం

టేపుల వంతులను తాత, తండ్రి, కొడుకు పద్ధతిలో అమర్చండి. రోజువారీ ఇంక్రిమెంటల్ కొడుకు, వారపు ఫుల్ తండ్రి, నెలాఖరు ఫుల్ తాత.

సోమవారం నుంచి శుక్రవారం వరకు ప్రతి రాత్రి 10 గంటలకు ఇంక్రిమెంటల్. రోజుకొక టేపు చొప్పున రెండు వారాలకు 10. శనివారం ఫుల్‌కు వారానికొకటి చొప్పున నాలుగు టేపులు. నెలలోని చివరి శనివారం తీసినది మాత్రం నెలవారీ టేపు మీదికి వెళ్తుంది, అవి 12. మొత్తం 26. వీటికి తోడు రెండు ఖాళీ టేపులు, ఒక క్లీనింగ్ టేపు దగ్గర ఉంచుకోండి. ఈ ఏర్పాటుతో గడచిన రెండు వారాల్లో ఏ పనిదినానికైనా, నెలలో ఏ వారానికైనా, సంవత్సరంలో ఏ నెలకైనా వెనక్కి వెళ్లగలుగుతారు.

వారంలోని ఇంక్రిమెంటల్‌లన్నీ కలిపినా ఒక టెరాబైటే కదా, ఒకే టేపు మీద వరుసగా రాయవచ్చు కదా అనిపిస్తుంది. సాంకేతికంగా రాయవచ్చు. కాని ఆ టేపు వారమంతా డ్రైవ్‌లోనే ఉంటుంది; అగ్నిప్రమాదం జరిగినా, చొరబాటుదారుడు బ్యాకప్ యంత్రంలోకి ప్రవేశించి టేపును చెరిపేసినా వారం మొత్తం ఒకేసారి పోతుంది. రోజుకొక టేపు మార్చే శ్రమ ఆ ప్రమాదం ముందు చాలా చిన్నది. సంక్రాంతి, దసరా వంటి వరుస సెలవుల్లో టేపు మార్చే మనిషి ఉండరు కనుక ఆ రోజులకు మాత్రం ఒక ఖాళీ టేపు మీద కొనసాగించి రాసే ఏర్పాటును ముందుగానే చేసి, సెలవులు ముగిసిన ఉదయమే దాన్ని బయటికి తీయండి.

వార్షిక టేపు సంగతి విడిగా చూడాలి. మన దేశంలోని కంపెనీలు 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను కనీసం 8 ఆర్థిక సంవత్సరాలపాటు భద్రపరచాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న లెక్కల బ్యాకప్‌ను భారతదేశంలో ఉన్న సర్వర్‌లో ప్రతి రోజూ ఉంచాలని 2022 ఆగస్టులో నియమాలను సవరించారు. టేపు ఈ సర్వర్ కాపీకి ప్రత్యామ్నాయం కాదు, దానికి అదనం. మార్చి నెలాఖరు ఫుల్‌ను వంతులోంచి తీసి వార్షిక టేపుగా పక్కన పెట్టి, దాని స్థానంలో కొత్త టేపు చేర్చండి. ఆడిట్ ముగిశాక లెక్కల్లో సవరణలు జరిగితే వాటితో కూడిన మరొక ఫుల్‌ను కూడా అదే వరుసలో దాచడం మంచిది.

టేపు గడువు, తిరగరాయడం

బ్యాకప్ వ్యవస్థలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కనుక కొంచెం నిదానంగా చదవండి. గడువు అంటే టేపును తిరగరాయకుండా ఉంచే కాలం. ఫుల్‌నూ, దాని మీద ఆధారపడిన ఇంక్రిమెంటల్‌లనూ ఒకే కట్టగా భావించాలి. ఇంక్రిమెంటల్ బతికి ఉండగా దాని ఫుల్ గడువు తీరకూడదు. ఫుల్‌కు 10 రోజులు, ఇంక్రిమెంటల్‌కు 14 రోజులు గడువు పెట్టిన వ్యవస్థ చూడటానికి బాగానే నడుస్తుంది గాని, పదకొండో రోజు నుంచి అందులో కొన్ని ఇంక్రిమెంటల్‌లకు ఆధారమే ఉండదు. మన ఉదాహరణలో ఇంక్రిమెంటల్‌కు 13 రోజులు, వారపు ఫుల్‌కు 27 రోజులు, నెలవారీకి సంవత్సరానికి కాస్త తక్కువగా పెట్టండి. సరిగ్గా 14, 28 పెడితే, ఆ టేపు మీద గతసారి పని కొంచెం ఆలస్యంగా ముగిసి ఉంటే ఈ రాత్రి పని మొదలయ్యే సమయానికి టేపు గడువు ఇంకా కొన్ని నిమిషాలు మిగిలి ఉండి, సాఫ్ట్‌వేర్ దాన్ని తిరగరాయడానికి నిరాకరించి, తెల్లవార్లూ మరో టేపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

శనివారం ఫుల్ విఫలమైతే సోమవారం ఇంక్రిమెంటల్ పాత ఫుల్ గొలుసుకే కొనసాగింపు అవుతుంది. ఆ పరిస్థితిలో రెండు పనులు వెంటనే చేయాలి: గత వారం ఇంక్రిమెంటల్ టేపులను వంతు వచ్చినా తిరగరాయకుండా గడువు పొడిగించాలి; వీలైన మొదటి రాత్రే ఫుల్ మళ్లీ నడపాలి. బక్యూలా వంటివి తమ క్యాటలాగ్‌లో (ఏ ఫైలు ఏ టేపులో ఉందో రాసుకునే జాబితాలో) సరైన ఫుల్ కనిపించకపోతే ఇంక్రిమెంటల్‌ను తమంతట తామే ఫుల్‌గా మార్చేస్తాయి. అది మంచి జాగ్రత్తే అయినా, సోమవారం రాత్రి 10 గంటలకు మొదలై మంగళవారం పనివేళలంతా నెట్‌వర్క్‌ను ఆక్రమిస్తుందని గుర్తుంచుకొని, పనులకు గరిష్ఠ సమయ పరిమితి పెట్టుకోండి.

లేబుళ్ల విషయంలో బార్‌కోడ్‌నే నమ్మండి. ఎల్‌టీఓ బార్‌కోడ్‌లో ఆరు అక్షరాల పేరు, ఆ తరువాత తరాన్ని తెలిపే రెండు అక్షరాలు, మనకు ఎల్8, ఉంటాయి. టేపు పేరులో సోమవారం, మంగళవారం అని ఇరికించకుండా వరుస సంఖ్యలే ఇచ్చి, ఏ టేపు ఏ వంతులో ఉందో క్యాటలాగ్‌లో చూసుకోండి. పాడైన టేపు స్థానంలో కొత్తది చేరినప్పుడు అయోమయం ఉండదు.

ప్రతి రాత్రి, ప్రతి ఉదయం

లినక్స్‌లో స్క్రిప్టులు రాసుకొని నడిపేవారు డ్రైవ్‌కు రెండు పేర్లుంటాయని గమనించాలి. ఎస్‌టీ0 అనే పేరుతో రాస్తే పని ముగియగానే టేపు మొదటికి తిరుగుతుంది. ఎన్‌ఎస్‌టీ0 అయితే ఆగినచోటే ఉంటుంది. మొదటి పేరుతో వరుసగా రెండు బ్యాకప్‌లు రాస్తే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది, ఏ హెచ్చరికా రాదు. కొనసాగించి రాసేటప్పుడు రెండో పేరునే వాడి, రాసేముందు టేపును డేటా చివరికి నడిపించండి.

డేటాబేస్‌లను నడుస్తున్న ఫైళ్లుగా నేరుగా టేపుకు ఎక్కించవద్దు. ముందు డేటాబేస్ సొంత సాధనంతో డంప్ గాని, స్నాప్‌షాట్ గాని తీసి, దాన్ని టేపుకు పంపండి. సర్వర్ల గడియారాలు ఒకే సమయం చూపేలా ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసే పద్ధతితో) కలిపి ఉంచండి. సమయం ముందువెనుకలైతే మార్పుల లెక్క తప్పుతుంది.

ఉదయం వచ్చిన వెంటనే చూడవలసింది పని పూర్తయిందన్న మాట ఒక్కటే కాదు. ఎన్ని ఫైళ్లు, ఎన్ని గిగాబైట్లు రాసిందో చూసి నిన్నటితో పోల్చండి. రోజూ 200 గిగాబైట్లు వచ్చే చోట ఈ రోజు 3 వస్తే ఏదో ఒక ఫోల్డర్ మౌంట్ కాక బ్యాకప్‌కు అందలేదన్నమాట. ఒక్కసారిగా 2 టెరాబైట్లు వస్తే ఫైళ్లన్నీ ఒకే రాత్రి ఎందుకు మారాయో వెంటనే విచారించండి, ఎందుకంటే రాన్సమ్‌వేర్ ఎన్‌క్రిప్షన్ మొదట కనిపించేది చాలాసార్లు ఇక్కడే. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడును దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ప్రధాన డేటాబేస్ పొరపాటున తొలగిపోయినప్పుడు, వెర్షన్ తేడా వల్ల వారి డంప్ బ్యాకప్‌లు విఫలమవుతున్నాయనీ, ఆ సంగతి తెలిపే మెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదనీ బయటపడింది. అవి టేపు బ్యాకప్‌లు కాకపోయినా మనకు వర్తించేది ఒకటే: విఫలమైతే మెయిల్ వస్తుందని ఎదురుచూడకండి. ప్రతి ఉదయం నివేదిక రావాలి, రాకపోవడాన్నే వైఫల్యంగా పరిగణించాలి.

ఫుల్ ముగిసిన టేపును బయటికి తీసి, రాతను అడ్డుకునే చిన్న మీటను జరిపి, ఆపై పెట్టెలో పెట్టండి.

క్యాటలాగ్, తాళం

ఏ ఫైలు ఏ టేపులో ఏ చోట ఉందో చెప్పేది క్యాటలాగ్. బ్యాకప్ యంత్రమే పోతే అదీ పోతుంది. అప్పుడు టేపులను మొదటి నుంచి చివరి దాకా చదివించి దాన్ని మళ్లీ నిర్మించాలి, దానికి గంటలు కాదు, రోజులు పట్టవచ్చు. ప్రతి రాత్రి బ్యాకప్ ముగిశాక చివరి పనిగా క్యాటలాగ్‌ను అదే టేపు మీదికీ, వేరొక యంత్రం మీదికీ రాయించండి. ఎల్‌టీఓ-4 నుంచి డ్రైవ్‌లోనే ఏఈఎస్-256 అనే బలమైన ఎన్‌క్రిప్షన్ ఉంది. డ్రైవ్ ముందు కుదించి తరువాత ఎన్‌క్రిప్ట్ చేస్తుంది కనుక కంప్రెషన్ లాభం పోదు. బయటికి వెళ్లే ప్రతి టేపుకూ దాన్ని వాడండి. ఆ ఎన్‌క్రిప్షన్ తాళం చెవిని (రహస్య సంకేతాన్ని) మాత్రం టేపులతోపాటు పంపకుండా, బ్యాకప్ యంత్రంలో మాత్రమే వదిలిపెట్టకుండా, కాగితం మీద ముద్రించి ఇద్దరు బాధ్యుల దగ్గర విడివిడిగా భద్రపరచండి.

రీస్టోర్ పరీక్ష

నెలకొకసారి ఏదో ఒక ఫోల్డర్‌ను ఎంచుకొని, వారం మధ్యలోని ఒక రోజు స్థితికి వేరే చోట రీస్టోర్ చేయండి. ఫుల్ నుంచి ఒక్క ఫైలు తెచ్చి చూడటంతో సరిపెట్టవద్దు. గొలుసు మొత్తం పనిచేస్తుందో లేదో అందులో తెలియదు. ఆరు నెలలకొకసారి ఖాళీ యంత్రం మీద సర్వర్ మొత్తాన్ని తిరిగి నిలబెట్టి, పట్టిన సమయాన్ని రాసిపెట్టండి. రోజూ టేపులు మార్చే వ్యక్తి కాకుండా మరొకరు, రాసిపెట్టిన సూచనలను మాత్రమే చూసి ఈ పని చేయగలిగితే ఆ సూచనలు సరిగా ఉన్నట్లు.

టేపులను దాచడం

దీర్ఘకాలం దాచే టేపులకు 16 నుంచి 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 20 నుంచి 50 శాతం తేమ తగినవి. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఇంతకంటే చాలా ఎక్కువగా ఉంటుంది కనుక ఏసీ లేని గదిలో పెట్టడం కుదరదు. బయటి నుంచి తెచ్చిన టేపును డ్రైవ్ ఉన్న గదిలో 24 గంటలు ఉంచి ఆ తరువాతే ఎక్కించండి. నిలువుగా, పెట్టెలోనే ఉంచండి. కిందపడిన టేపు బయటికి బాగానే కనిపించినా డ్రైవ్ టేపును పట్టి లాగే లోపలి లీడర్ పిన్ కదిలి ఉండవచ్చు. దాన్ని డ్రైవ్‌లో పెడితే డ్రైవ్‌కే ప్రమాదం కనుక వంతులోంచి తొలగించండి.

వారపు, నెలవారీ టేపులు ఆఫీసు భవనంలో ఉండకూడదు. ఎంత దూరంలో ఉండాలన్నదానికి మన ఊళ్లే జవాబు చెబుతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ నగరాన్నంతటినీ ఒకేసారి తాకింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. అదే నగరంలోని మరో శాఖ కార్యాలయం సరిపోదు. వేరే ఊరిలో, పై అంతస్తులో చోటు చూడండి.

క్లీనింగ్ టేపును డ్రైవ్ అడిగినప్పుడు మాత్రమే వాడాలి. వారం వారం అలవాటుగా వాడితే హెడ్ అరిగిపోతుంది. ఒకే టేపు మీద పదేపదే తప్పులు వస్తే అది టేపు లోపం, ఏ టేపు పెట్టినా వస్తే డ్రైవ్ లోపం; నివేదికలో టేపు పేరు వారీగా తప్పుల సంఖ్య ఉంటే ఈ రెండింటినీ విడదీయడం సులభం.

కొత్త తరానికి మారేటప్పుడు

ఎల్‌టీఓ-7 వరకు డ్రైవ్‌లు తమకు రెండు తరాల వెనుకటి టేపులను కూడా చదివేవి. ఎల్‌టీఓ-8, ఎల్‌టీఓ-9లలో అది ఒక్క తరానికి తగ్గింది: ఎల్‌టీఓ-8 డ్రైవ్ ఎల్‌టీఓ-6 టేపును చదవలేదు, ఎల్‌టీఓ-9 డ్రైవ్ ఎల్‌టీఓ-7 టేపును చదవలేదు. మరో మాట, కొత్త ఎల్‌టీఓ-9 టేపును మొదటిసారి ఎక్కించినప్పుడు డ్రైవ్ దాన్ని సరిచూసుకోవడానికి రెండు గంటల వరకు పట్టవచ్చు. కొత్త టేపులన్నిటినీ షెడ్యూలులోకి తేకముందే పగటిపూట ఒకసారి ఎక్కించి ఉంచండి. కొత్త డ్రైవ్ కొనే రోజున వార్షిక టేపుల జాబితా ముందుంచుకొని, కొత్తది చదవలేనివి ఎన్ని ఉన్నాయో లెక్కించండి. వాటిని పాత డ్రైవ్ పనిచేస్తుండగానే కొత్త టేపుల మీదికి కాపీ చేసి, క్యాటలాగ్‌లో కొత్త స్థానాలను నమోదు చేయించి, ఒక్కొక్క దాని నుంచి కొన్ని ఫైళ్లు రీస్టోర్ చేసి చూసిన తరువాతే పాత డ్రైవ్‌ను తొలగించండి.